కల్లు, బీరు, సమ్యగాజీవం

మత్తు కలిగించే పానీయాన్ని తయారుచేసి అమ్ముతూ మనిషి ధర్మంగా బతకగలడా అన్న ప్రశ్నకు బౌద్ధం సూటిగా, బతకలేడనే సమాధానమిచ్చింది. అష్టాంగ మార్గంలో ఒకటైన సమ్యగాజీవం, అంటే పరులకు హాని కలగని రీతిలో జీవిక గడుపుకోవడం, ఏమిటో తేల్చుకునేందుకు ఆధారమైన అంగుత్తర నికాయం, సంసారంలో ఉంటూ బుద్ధుణ్ణి అనుసరించే ఉపాసకుడు ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మద్యం, విషం అనే ఐదింటి వ్యాపారం చేయరాదని చెప్పింది. సూర్యాపేట జిల్లా నాగారం మండలంలోని ఫణిగిరి కొండపై ఇక్ష్వాకుల కాలంలో వర్ధిల్లిన విహారాల వంటివి దక్కనులో వర్తకుల దానాలతోనూ నిలిచాయన్నది గుర్తుంచుకుంటే, తనను పోషించే వర్తకుడికే హద్దు గీసిన బౌద్ధ సంఘం ధైర్యం ఎంతటిదో తెలుస్తుంది.

అయితే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెల్లో మోకు, ముస్తాదులతో తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుణ్ణి ఈ నియమం దోషిగా నిలబెడుతుందా అన్నచోట మహాభారతం మరో దారి చూపింది. అరణ్యపర్వంలోని ధర్మవ్యాధుడు మిథిలలో మాంసం అమ్ముతూనే కౌశికుడనే బ్రాహ్మణుడికి ధర్మం బోధిస్తాడు. తాను చంపననీ, తిననని చెబుతూ, తాతతండ్రుల నుంచి వచ్చిన పనిని నిజాయితీగా చేయడంలోనే తన ధర్మం ఉందంటాడు. కాటమయ్యకూ ఎల్లమ్మకూ మొక్కి, ప్రాణాలకు తెగించి చెట్టెక్కే గౌడుల వృత్తికి ఈ సమాధానం చాలావరకు సరిపోతుంది. పైగా ఆ వృత్తికి ప్రకృతే ఒక హద్దు పెట్టింది: చెట్టు ఇచ్చినంతే కల్లు, అదీ దించిన కొద్ది గంటల్లోనే పులిసిపోతుంది గనుక, నిల్వచేసి దూరదేశాలకు పంపి రాశులు పోసుకునే వీలు గీతగాడికి లేదు. ఆ హద్దును దాటాలన్న ఆశ పుట్టిన చోటనే క్లోరల్ హైడ్రేటు కలిపిన కల్తీ కల్లు పుట్టి, పేదల ఒళ్లు గుల్ల చేసింది.

కోబ్రా బీరు వ్యాపారి కరణ్ బిలిమోరియా విషయంలో ధర్మవ్యాధుడి సమాధానం అక్కరకు రాదు. 1961లో హైదరాబాదులో పార్సీ సైనికాధికారి కుమారుడిగా పుట్టి, 1981లో లండన్ చేరి, ఛార్టర్డ్ అకౌంటెంటై, కేంబ్రిడ్జిలో న్యాయశాస్త్రం చదివిన ఆయన, 20,000 పౌండ్ల విద్యార్థి అప్పు నెత్తిన ఉండగానే 1989లో మిత్రుడు అర్జున్ రెడ్డితో కలిసి కోబ్రా బీరుకు శ్రీకారం చుట్టి, మొదట బెంగళూరులోని మైసూర్ బ్రూవరీస్‌లో తయారుచేయించి బ్రిటన్‌లోని భారతీయ రెస్టారెంట్లకు అమ్మాడు. పరాయి గడ్డపై ఇంతటి నిర్మాణం చేసి 2006లో ప్రభువుల సభకు చేరిన పట్టుదల నిస్సందేహంగా గౌరవించదగినది. సత్సంకల్పం, సద్వాక్కు, సత్కర్మ అనే మూడింటిని పునాదిగా పెట్టుకున్న, పార్సీలు పాటించే జొరాస్ట్రియన్ మతం మద్యాన్ని నిషేధించలేదు, న్యాయార్జితమైన సంపదను తప్పుపట్టలేదు. కానీ ఈ వృత్తి ఆయనకు వారసత్వంగా రాలేదు, ఆయనే ఎంచుకున్నాడు. ఎంచుకున్నవాడికి ఆ ఎంపిక పర్యవసానాలలోనూ భాగం ఉంటుంది. సీసాలో నిలిచే బీరుకు చెట్టు హద్దు లేదు గనుక, తాగేవారూ తాగే పరిమాణమూ ఏటేటా పెరగాలని కోరుకోక తప్పని స్థితిలోకి మహత్వాకాంక్ష వ్యాపారిని నెడుతుంది, బుద్ధుడి నిషేధంలోని అసలు బలం ఇక్కడే ఉందనిపిస్తుంది. 2009లో కోబ్రా సంస్థ అప్పుల్లో కూరుకుని, మోల్సన్ కూర్స్ మెజారిటీ వాటా తీసుకున్నప్పుడు, హామీ లేని రుణదాతలు నష్టపోయారు. వారిలో ఎందరో ఆ బీరును రుచి చూసి కూడా ఉండరు.

ఈ బాధ్యత ఎంతవరకు పోతుందన్నది ఇంకా కఠినమైన ప్రశ్న. కోబ్రా బీరులో బార్లీ మాల్టుతో పాటు బియ్యమూ పడుతుంది, మిల్లుల్లో మిగిలే నూకలు మద్యం పరిశ్రమకు ముడిసరుకు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీటితో పండిన వడ్లను మరపట్టే మిర్యాలగూడ మిల్లు యజమాని నూకలు అమ్మేటప్పుడు అవి ఇడ్లీరవ్వకు పోతున్నాయో, బట్టీకి పోతున్నాయో విచారించవలసి ఉంటుందా అన్నదానికి, ఐదు వ్యాపారాల జాబితాలో ధాన్యం లేదన్న ఒక్క కారణంతో అవసరం లేదని చెప్పడం సాధ్యం కాదు.