నడుము వాల్చే హక్కు

ఏటా వానాకాలం మొదట్లో నేను నాలుగు రోజులు ఊరు విడిచి వెళతాను. పదేళ్ళ కిందట షుగరు బయటపడినప్పుడు డాక్టరు గట్టిగా చెప్పడంతో మొదలైన అలవాటు ఇది. ఎక్కువసార్లు ఒక మిత్రుడి జీడిమామిడి తోటలో ఉంటాను. పొద్దున ధ్యానం, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం నడక. అంతకు మించి ఏమీ ఉండదు. ఈ సంగతి మన ఉపాసకుల సమావేశాల్లో చెప్పడానికి చాలాకాలం సిగ్గుపడ్డాను. ఎందుకంటే మన కార్యకర్తల మధ్య ఒక మాట తిరుగుతూ ఉంటుంది: "బాబాసాహెబ్ విశ్రాంతి తీసుకున్నారా? మనమెంత?"

ఆ మాటకు ఎదురు చెప్పడం కష్టమే. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో ధమ్మదీక్ష, డిసెంబరు 6న పరినిర్వాణం. మధ్యలో మిగిలినవి 53 రోజులు. అప్పటికే షుగరు ఆయన శరీరాన్ని పిండేసింది. అయినా కాఠ్మండులో జరిగిన ప్రపంచ బౌద్ధ మహాసభకు వెళ్ళారు. ఆ 53 రోజులు గుర్తొస్తే కుర్చీలో వెనక్కి వాలడానికి కూడా మనసొప్పదు.

కానీ ఆ మాట అనేవాళ్ళు బాబాసాహెబ్ చేసిన ఇంకో పని మరిచిపోతారు. 1942 నుంచి 1946 వరకు ఆయన వైస్రాయి కౌన్సిల్లో కార్మిక శాఖ సభ్యులు. ఫ్యాక్టరీ కార్మికుడికి ఏడాదికోసారి జీతంతో కూడిన సెలవు ఇవ్వాలన్న సవరణ 1945లో చట్టమైంది. మరుసటి ఏడు వారానికి 54 గంటల పని 48కి దిగింది. తనకు దొరకని విశ్రాంతిని ఆయన ఇతరులకు చట్టంగా రాసిపెట్టారు. రాజ్యాంగం 43వ అధికరణంలో కార్మికులకు బతకడానికి చాలినంత వేతనంతో పాటు తీరిక కూడా ఉండాలని ఉంది. లా చదివేటప్పుడు ఆ 'తీరిక' అనే మాట మీద నా కన్ను ఆగలేదు. ఆదేశిక సూత్రం కదా, కోర్టులో నిలబడదు కదా అని పేజీ తిప్పేశాను. యాభై దాటాక అర్థమైంది ఆ మాట అక్కడ ఎందుకుందో.

బుద్ధుడి సంగతీ చూడండి. కపిలవస్తులో శాక్యులు కొత్త సభాశాల కట్టి ఆయన్ని పిలిచారు. రాత్రి చాలాసేపు ధమ్మం చెప్పాక, నడుము నొప్పిగా ఉంది, మిగతాది నువ్వు చెప్పమని ఆనందుడికి అప్పగించి, సంఘాటి మడత పరుచుకుని కుడివైపుకి ఒరిగాడు. మజ్ఝిమ నికాయంలో ఉంది ఈ సంగతి. పావాలో సారిపుత్తుడికీ ఇలాగే అప్పగించినట్టు దీఘ నికాయంలో ఉంది. సూత్రాలు కూర్చినవాళ్ళు ఈ నడుమునొప్పిని దాచలేదు. దాచి ఉంటే మన పూజకు ఇంకాస్త గొప్ప విగ్రహం దొరికేదేమో గానీ, మనిషి దొరికేవాడు కాదు.

ఇంతవరకు నాకు అనుకూలంగానే ఉంది. ఇబ్బంది ఇక్కడి నుంచి.

మూడేళ్ళ కిందట నేను తోటలో ఉన్నాను. ఫోను ఇంట్లోనే వదిలేశాను. రెండో రోజున, మా పట్టణంలో కాంట్రాక్టు కింద రోడ్లు ఊడ్చే ఒక చెల్లెమ్మ ఏడుస్తూ మా ఇంటికొచ్చింది. జ్వరంతో రెండు రోజులు పనికి రాలేదని మస్టరులోంచి ఆమె పేరు కొట్టేశారు. "ఆయన ఊళ్ళో లేరమ్మా, విశ్రాంతికి వెళ్ళారు" అని నా భార్య చెప్పాల్సి వచ్చింది. రెండు రోజులు పడుకున్నందుకు ఒకరి కూడు పోయింది, నాలుగు రోజులు పడుకున్నందుకు నన్ను అడిగేవాళ్ళే లేరు.

మా దగ్గరికి వచ్చి కూర్చునే ఒక లా విద్యార్థిని అర్జీ రాసి, ఆమెను వెంటబెట్టుకుని కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్ళింది. పది రోజుల్లో మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. తిరిగొచ్చి ఆ కథంతా విన్నప్పుడు నాలో ముందు కలిగింది సంతోషం కాదు. నేను లేకుండానే అయిపోయిందే అన్న చిన్న ముల్లు. ఇరవై ఏళ్ళుగా అనాత్మ గురించి ఉపన్యాసాలు చెబుతున్నవాడిని! సేవ పేరుతో పెంచుకున్న ఆ 'మానం' సెలవు పెడితే గానీ బయటపడలేదు.

ఆ చెల్లెమ్మ మాత్రం కోప్పడలేదు. "పోయొచ్చారు కదన్నయ్యా, మంచిదే. మరి మాకెప్పుడు?" అంది.

సమాధానం కోసం వినయ పిటకం తీశాను, చట్టాల పుస్తకాలూ తీశాను. వర్షావాసంలో భిక్షువు మూడు నెలలు ఒకచోటే ఉండాలి. అది కాళ్ళు చాపుకోవడానికి పెట్టిన నియమం కాదు. వానల్లో తిరిగి పచ్చని మొలకల్ని, చిన్న ప్రాణుల్ని తొక్కేస్తున్నారని జనం తప్పుబట్టడంతో వచ్చింది. దానికే ఒక మినహాయింపు ఉంది: తల్లికో తండ్రికో, తోటి భిక్షువుకో జబ్బు చేస్తే వెళ్ళవచ్చు, ఏడు రోజుల్లో తిరిగి రావాలి. ఆగడానికి నియమం, కదలడానికీ నియమం. అప్పట్నుంచి నేను తోట నంబరు ఇంట్లో ఇచ్చి వెళుతున్నాను. ఫోను రాకూడదని కోరుకుంటాను, వస్తే లేస్తాను.

రెండో తరం ఉద్యోగులం మనలో చాలామందిమి ఇప్పుడు శని ఆదివారాల్లో అరకు పోతున్నాం, పిల్లల్ని ఊటీ తీసుకుపోతున్నాం. మంచిదే, మన తాతలకు సెలవంటే జబ్బో చావో. అయితే అక్కడ మన పక్కదుప్పట్లు మార్చే మనిషికి వారంలో ఏ రోజు సెలవో మనలో ఎంతమందిమి అడిగాం? నేనూ అడగలేదు.

మా పట్టణంలో వారానికో రోజు సెలవు కోసం ఏడాదిన్నర తిరిగాం. ఇప్పుడు వంతులవారీగా దొరుకుతోంది. రాసిచ్చిన కాగితం లేదు, మేస్త్రీ నోటిమాట మీదే నడుస్తోంది. అది ఏ రోజైనా పోవచ్చు. పోరాటం అక్కడే ఉంది.

కిందటేడు బుద్ధపూర్ణిమ నాడు, పొద్దుటి పని ముగిశాక, పదకొండు మందిమి వ్యాన్ మాట్లాడుకుని తొట్లకొండ వెళ్ళాం. విశాఖ నుంచి భీమిలి పోయే దారిలో, సముద్రం మీదికి చూస్తున్నట్టుండే కొండ అది. రాతిలో తొలిచిన నీటి తొట్లు, స్తూపాల పునాదులు, భిక్షువుల గదుల వరసలు. ఆ చెల్లెమ్మ గదుల మధ్య కాసేపు తిరిగి, "ఇవన్నీ ఎవరు ఊడ్చేవోరన్నయ్యా?" అని అడిగింది.

"భిక్షువులే ఊడ్చుకునేవారమ్మా. అది వాళ్ళ నియమం."

"పెద్దోళ్ళు కూడానా?"

సునీతుడి గురించి చెప్పాను. వాడిన పూలు ఎత్తిపోసుకుని బతికినవాడు, బుద్ధుడు పిలిచి సంఘంలో చేర్చుకున్నవాడు. తలూపింది గానీ పూర్తిగా నమ్మినట్టు లేదు. కాసేపటికి ఒక గోడ నీడన కొంగు పరుచుకుని పడుకుంది. ఎండ జరిగి ఆమె కాళ్ళ మీదికి వచ్చింది. ఒకామె లేచి గొడుగు అడ్డం పెట్టింది. వ్యాన్ డ్రైవరు హారన్ కొట్టబోతే వద్దన్నాం.