తాతయ్య అంబాసిడర్‌లో ఏది ఒరిజినల్?

గీత రెండో అధ్యాయంలో కృష్ణుడు చెప్పిన పాత బట్టల పోలిక మనందరం విన్నదే. చిరిగిన బట్ట విడిచి కొత్తది కట్టుకున్నట్టే ఆత్మ ఒక శరీరాన్ని విడిచి ఇంకోటి తీసుకుంటుందని. ఆ మాటని ఈమధ్య నేను ఒక అబద్ధానికి వాడుకున్నాను. ఎలాగో చెప్తాను.

మా ఇంట్లో తాతయ్య అంబాసిడర్ ఉంది. 1984 మోడల్, 1489 సీసీ పెట్రోల్. బాడీ, ఛాసిస్ ఆయన కొన్నప్పటివే. ఇంజిన్ మాత్రం కాదు. ఒక ఎండాకాలం రేడియేటర్‌లో నీళ్లు అయిపోయి, ఇంజిన్ వేడెక్కి బ్లాకు పగిలింది. మెకానిక్ ఇంకో పాత అంబాసిడర్ బ్లాకు తెచ్చి వేశాడు. హెడ్డు మూడో బండిది. కార్బురేటర్ ఎక్కడిదో అతనికే గుర్తులేదు. అయినా సెల్ఫ్ కొడితే చాలు, నానమ్మ లోపల్నుంచి "మీ తాతయ్య బండి" అంటుంది.

కోల్‌కతా దగ్గర ఉత్తర్‌పారాలో అంబాసిడర్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. ఇప్పుడు ముచ్చటపడి కొనేవాళ్లకి ఇంజిన్ ఒరిజినలా కాదా అన్నది పెద్ద విషయం. అపార్ట్‌మెంట్లో పార్కింగ్ సరిపోక మేం అమ్ముదామనుకున్నాం. ఒక పెద్దాయన చూడ్డానికి వచ్చారు.

"ఇంజిన్ బండితో వచ్చిందేనా బాబూ?"

"అవునండీ" అనేశాను.

ఆయన వెళ్లాక నాకు నేనే సర్దిచెప్పుకున్నా. శరీరం మారినా ఆత్మ మారదు కదా, ఇంజిన్ మారితే బండి మారిపోతుందా అని. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. పూరీ గుర్తొచ్చింది.

జగన్నాథుడి రథాన్ని ఏటా కొత్త కలపతో కడతారు. నందిఘోషకి ఉన్న 16 చక్రాలూ కొత్తవే. నవకళేబరంలో అయితే స్వామి దారుమూర్తినే మారుస్తారు. 2015లో జరిగింది. లోపలి బ్రహ్మపదార్థాన్ని మార్చే ఘట్టం పరమ రహస్యం. కానీ మూర్తి మారిందన్న సంగతి రహస్యం కాదు. కొత్త దారువుని లోకమంతా చూస్తుండగా ఊరేగించి తెస్తారు. ఇది పాత కలపేనని ఎవరూ బుకాయించరు. అయినా స్వామి ఆయనే.

అప్పుడు నా తప్పు అర్థమైంది. ఆయన "ఇది మీ తాతయ్య బండేనా?" అని అడగలేదు. ఇంజిన్ సంగతి అడిగారు. నేను ఒక ప్రశ్నకి చెప్పాల్సిన జవాబు ఇంకో ప్రశ్నకి చెప్పి, దాని మీద వేదాంతం కప్పాను. మారనిది ఒకటుందని గీత చెప్తుంది. అంతేగానీ, మారినదాన్ని మారలేదని చెప్పమనదు. మా ఆఫీసులో కూడా కోడ్ మొత్తం తిరగరాసినా సర్వీస్ పేరు అదే ఉంటుంది. కానీ ఏమేం మార్చామో రాసి పెట్టకపోతే తర్వాత వచ్చేవాడు మునుగుతాడు.

పొద్దున్నే ఫోన్ చేసి బ్లాకు, హెడ్డు సంగతి చెప్పేశాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "నిన్ననే చెప్పాల్సింది బాబూ" అన్నారు. మళ్లీ రాలేదు. ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటోంది.

ఆర్‌సీలో ఇప్పటికీ పగిలిపోయిన బ్లాకు నంబరే ఉంది. ఇంజిన్ మారిస్తే అందులో నమోదు చేయించాలి. ఈ వారం ఆర్టీఓ ఆఫీసుకి వెళ్తున్నా. బండి ఇంట్లోనే ఉంది. ఇంకెవరైనా అడిగితే ముందు ఇంజిన్ కథ చెప్తా, తర్వాతే తాతయ్య కథ.

జై జగన్నాథ్.