అక్షయమైన దేది?

విషయములను పదేపదే తలచువానికి వానియందు సంగము గలుగుననియు, సంగమునుండి కామము జనించుననియు గీతయందలి ద్వితీయాధ్యాయము బోధించుచున్నది. ఆ తలపోతను మనచేత ఇతరులు చేయించు విద్యయే వ్యాపార ప్రకటన.

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూరు 2003 నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన స్థానము. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలమునుండి తెలుగు కుటుంబము లెన్నో అచట స్థిరపడినవి. వైశాఖ శుద్ధ తదియనాడు ఆ ప్రాంతపు పల్లెలలో 'అక్తీ' పండుగ జరుగును. రైతులు ఠాకూర్ దేవ్ సన్నిధిని విత్తనములుంచి క్రొత్త సేద్యమున కుపక్రమింతురు. పిల్లలు బొమ్మలకు పెండ్లి చేయుదురు. మనకు అదియే అక్షయ తృతీయ. నీటికుండను, విసనకఱ్ఱను, గొడుగును దానమిచ్చుట ఆనాటి ధర్మముగా మన పెద్దలు పాటించిరి. ఇచ్చినదాని ఫలము తరుగదని వారి విశ్వాసము.

గడచిన కొన్ని దశాబ్దములలో ఆభరణ వ్యాపారుల ప్రకటనలు ఈ యర్థమును త్రిప్పివేసినవి. ఇచ్చినది అక్షయమను మాట, కొన్నది అక్షయమని మాఱినది. ఇట్టిది అన్యదేశములందును గలదు. డి బీర్స్ వజ్ర సంస్థ 1938లో అమెరికాలోని యొక ప్రకటనల సంస్థ నాశ్రయించెను. పెండ్లి నిశ్చయమునకు వజ్రపుటుంగరము తప్పదను భావన అచట బలపడుటకు ఆ ప్రచారము ముఖ్య కారణమయ్యెను. ప్రకటన అచట ప్రేమను, ఇచట భక్తిని తీసికొని వస్తువునకు ముడివైచినది. కావుననే కాదనుట కష్టము. బంగారము వలదన్నచో లక్ష్మిని వలదన్నట్లు తోచును.

బంగారము ఆపదలో ఆదుకొనును గదా యని గృహస్థు లడుగవచ్చును. నిజమే. ఆడుబిడ్డ కొఱకు మిగిల్చిన ధనముతో కొన్న నగను నిందింప బనిలేదు. కాని నెలజీతముపై బ్రతుకు గృహస్థుడు, పొరుగువారు కొనిరనియు, తిథి దాటిపోవుననియు కలతపడి అప్పుచేసి కొన్నచో, ఆ యింట తరుగక నిలుచునది అప్పే. పిల్లవాని చదువునకు రుసుము కట్టవలసిననాడు ఆ నగయే కుదువకు పోవును.

మోసపు ప్రకటనను 2019 నాటి వినియోగదారుల సంరక్షణ చట్టము శిక్షింపగలదు. అయితే మనలోని భయమును, అసూయను రేపు ప్రకటనలో అసత్యవాక్య మొక్కటియు నుండకపోవచ్చును. అచట వివేకమే రక్ష. కొనుటకు ముందు మనము వేసికొనవలసిన ప్రశ్న యొకటి గలదు: ఈ ప్రకటనను చూడకముందు నాకీ కొఱత యుండెనా? లేకున్నచో ఆ కొఱత అమ్మువాడు కల్పించినది; దానిని తీర్చు భారము మనది గాదు.

సింహాచలమున అప్పన్నస్వామి సంవత్సరమంతయు చందనముచే కప్పబడియుండి, ఈ తదియనాడు నిజరూప దర్శన మొసగును. కోరికలపైనున్న పూతను తొలగించి వాని నిజరూపమును చూచుటకు ఇంతకంటె తగిన దినము లేదు. అటుపిమ్మట ఎండలో వచ్చినవానికి చల్లని నీరిచ్చినను, అక్షయ తృతీయ జరిపినట్లే.