పాటకు పడిన ఋణము

పాట విని ఉప్పొంగిన మనస్సుతో ఒకడు కలము పట్టి వ్రాసినచో ఆ వ్రాత ఎవనిది? పాడినవానిదా, వ్రాసినవానిదా? ఈ ప్రశ్న పండితగోష్ఠులకు మాత్రమే చెందినదని తోపవచ్చును. కాని బడిలో వ్యాసరచనకు కూర్చున్న బాలుడు మొదలుకొని పురాణకర్త వరకు వ్రాయుటకు పూనిన ప్రతివానికిని ఇది ఎదురగుచునే యుండును. నేడు పిల్లలు సెల్‌ఫోను పాట చెవిలో పెట్టుకొని వ్రాయుటకు కూర్చుండుచున్నారు. పాట లేనిదే ఊహ కదలదని కొందరు చెప్పుచున్నారు. దీనిని వట్టి సోమరితనమని త్రోసివేయుట పెద్దలకు సులభము. అట్లు త్రోసివేయుటకు ముందు పాల్కురికి సోమనాథుడు ఏమి చేసెనో ఒక్కసారి చూడవలయును.

కాకతీయుల కాలమున సోమనాథుడు బసవపురాణము వ్రాయబూనినాడు. అప్పటికే నన్నయ భారతము చంపూమార్గమును చూపియున్నది. పండితులు మెచ్చవలెనన్నచో వృత్తములతో, వచనములతో ఆ బాటనే నడువవచ్చును. వృత్తములు తెలియక కాదు. వృషాధిపశతకము వ్రాసిన చేతికి వృత్తము కష్టమా? అయినను ఆయన పురాణమునకు ద్విపదను ఎన్నుకొనెను. ద్విపద లక్షణము చిన్నది. పాదమునకు మూడు ఇంద్రగణములు, ఒక సూర్యగణము. మూడవ గణము మొదటి అక్షరము యతిస్థానము. ఇటువంటి పాదములు రెండు కలిసినచో ద్విపద. వృత్తమునందు గురులఘువుల వరుస అక్షరమక్షరమునకును కట్టుపడి యుండును. ద్విపదలో నలము వచ్చినచోట భగణము రావచ్చును, సలము వచ్చినచోట తగణము రావచ్చును. గణము మారును, నడక నిలుచును. అందుచేతనే అది దంపుచున్న రోకలితో పోవును, కొండ ఎక్కుచున్న కాలితో పోవును, జంగమకథకుని తంబురతో పోవును. యతిప్రాసల నియమములను సైతము ఆయన అవసరమైనచోట సడలించుకొనెను. లాక్షణికులు దానిని తప్పు పట్టిరి. పాడువాని ఊపిరి ఎచ్చట ఆగునో ఎరిగినవాడు చేసిన పని అది.

ఆ ఎరుక ఆయనకు ఎచ్చట కలిగెను? పండితారాధ్య చరిత్రము, పర్వత ప్రకరణము తెరచినచో జాడ దొరకును. శ్రీశైలమునకు పోవు భక్తులు పాడుకొనిన పాటలను ఆయన అందులో పేరుపేరున పేర్కొనెను: తుమ్మెద పదములు, ప్రభాత పదములు, పర్వత పదములు, ఆనంద పదములు, శంకర పదములు, నివాళి పదములు, గొబ్బి పదములు, వెన్నెల పదములు మొదలగునవి. ఈ పట్టికను పరీక్షలకు వల్లెవేసిన విద్యార్థులు వేనవేలు. దానిలోని చప్పుడు విన్నవారు కొందరే. మెల్లగా చదివి చూడవలయును. తెల్లవారుజామునకు ఒక పాట, వెన్నెల రాత్రికి ఒక పాట, కొండదారికి ఒక పాట, హారతికి ఒక పాట. ఇది లక్షణగ్రంథము ముందు పెట్టుకొని చేసిన విభాగము కాదు. జనము నడుమ కూర్చుండి, వారు ఏ వేళ ఏమి పాడిరో చెవితో పట్టుకొనిన వాని పట్టిక. ఇన్ని పాటలు విన్న చెవి గల కవి జనుల పాటకు దగ్గరగా నడచు ఛందస్సును చేపట్టుటలో ఆశ్చర్యమేమున్నది?

అయినచో పాట ఆయనకు ఇచ్చినదేమి? నడక నిచ్చినది. ఇట్లు వ్రాయవచ్చునను ధైర్యము నిచ్చినది. కథను మాత్రము ఇయ్యలేదు. బసవేశ్వరుని కల్యాణ వృత్తాంతము తుమ్మెద పదములో లేదు. దానికొరకు భక్తుల నోట నిలిచిన కథలను ప్రోగుచేయవలసి వచ్చెను, సరిచూడవలసి వచ్చెను, ఒక వరుసలో కూర్చవలసి వచ్చెను. ఆ శ్రమలో ఏ పాటయు ఆయనకు బదులుగా నిలువలేదు.

పాట వేరు, పాటలో పెట్టు మాట వేరు అనుటకు మరియొక సాక్ష్యము ముత్తుస్వామి దీక్షితులవారి నొట్టుస్వరములు. మదరాసులో కంపెనీవారి బ్యాండు వాయించిన తెల్లవారి బాణీలు ఆయన చెవిన పడినవి. వాటికి ఆయన సంస్కృత సాహిత్యము కూర్చెను. ఇంగ్లండు రాజును దేవుడు రక్షించుగాకయని తెల్లవారు పాడుకొను బాణీలోనే ఆయన శ్యామలాదేవిని స్తుతించెను. బాణీ రాజభక్తి కొరకు పుట్టినది. కీర్తన మరియొక గుడికి చేరినది. అనగా నాదము త్రోవ చూపును గాని ఏ ఊరికి పోవలెనో చెప్పదు. ఆ నిర్ణయము వ్రాయువాని మెడకే చుట్టుకొనును.

బసవేశ్వరుడు ఈ విషయమున మిక్కిలి కఠినుడు. తాళమానముల లెక్క తనకు తెలియదని, ప్రేమ పుట్టినట్లుగా పాడుదునని చెప్పుకొనిన ఆయనయే మరియొక వచనమున శివుడు నాదప్రియుడను మాటను నిరాకరించెను. నాదముతో మెప్పింపజూచిన రావణునికి దక్కినదేమని ప్రశ్నించెను. శివుడు భక్తిప్రియుడు మాత్రమేయని ఆయన తీర్పు. సంగీతమును ద్వేషించి ఈ మాట అనలేదు. వచనములు పాడుకొనుటకే పుట్టినవి గదా. శ్రావ్యతను చూపి సత్యముయొక్క పద్దు కట్టించుకొనుటను ఆయన ఒప్పుకొనలేదు.

ఇక సోమనాథుని కాలమునుండి దగ్గరి కాలమునకు, ఓరుగల్లు సీమనుండి కోనసీమకు వత్తము. మలికిపురమునకు చేరువనున్న శంకరగుప్తమున 1930 జూలై 6వ తేదీన మంగళంపల్లి బాలమురళీకృష్ణ జన్మించెను. తండ్రి పట్టాభిరామయ్య వేణుగాన విద్వాంసుడు. తల్లి సూర్యకాంతమ్మ వీణ వాయించెడిది. బిడ్డ పొత్తిళ్ళలో ఉండగనే ఆమె కన్నుమూసినది. పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి వద్ద చదువుకొనిన ఆ బాలుడు యౌవనములో అడుగిడుచుండగనే 72 మేళకర్త రాగములలోను కృతులు రచించుటకు పూనుకొనెను. అవి ‘జనక రాగ కృతి మంజరి’ అను పేర 1952లో వెలువడినవి.

ఈ పని ఎట్టిదో సంగీతము తెలియనివారు సైతము గ్రహింపవచ్చును. మేళకర్తలు శుద్ధమధ్యమముతో 36, ప్రతిమధ్యమముతో 36. ఆ 72లో 40 వివాది మేళములు. కచ్చేరీలలో గాయకులు అరుదుగా ముట్టునవి. మోహనయో కల్యాణియో అయినచో పూర్వుల కీర్తనలు వందలు చెవిలో మ్రోగుచుండును. మాట తానై వచ్చినట్లుండును. వివాది మేళమునందు ఆ ఆసరా లేదు. స్వరముల వరుస ఒక ఖాళీ పాత్రవలె ఎదుట నిలుచును. అందులో ఏమి పోయవలెనో ఆ యువకుడు వెదకుకొనవలసినదే. సంగీతమే అతనిచేత సాహిత్యము వ్రాయించినదనుట నిజము. సంగీతము వ్రాసిపెట్టలేదనుటయు అంతే నిజము. తరువాతి కాలమున ఆయన మహతి, లవంగి వంటి నాలుగు స్వరముల రాగములను, మూడే స్వరముల సర్వశ్రీని ప్రకటించినప్పుడు, ఇవి క్రొత్తవేనా, ఆయన సృష్టియేనా యని 1980 దశకమున వీణ ఎస్. బాలచందర్ గట్టిగా ప్రశ్నించెను. ఆ వాదములోని జయాపజయములు ఇచ్చట అనవసరము. స్వరములు అందరి సొత్తు అయినప్పుడు వాటి కూర్పు ఒకని సొత్తు ఎట్లగునను ప్రశ్న మాత్రము మన మొదటి ప్రశ్నకు తోబుట్టువు.

కోనసీమలోనే ఇంకొక నాదము కలదు. కనుమనాడు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలు చేరును. గంగలకుర్రు ప్రభలు కౌశిక నీటిలో దిగి, పచ్చని వరిచేల మీదుగా వచ్చును. చేను త్రొక్కుడుపడినను రైతు నొచ్చుకొనడు. డప్పులు, తాషాలు మ్రోగుచుండగా ‘శరభ శరభ’ యను కేక లేచినచో నిలుచున్నవాని ఒడలు గగుర్పొడుచును. మలికిపురము బడిలోని ఒక బాలుడు ఆ తీర్థమునకు పోయి వచ్చి, ఆ రాత్రియే దానిని గూర్చి వ్రాయ కూర్చున్నాడనుకొందము. చెవిలో డప్పు ఇంకను మ్రోగుచున్నది. వ్రాసిన ప్రతి పంక్తియు వానికి అద్భుతముగా తోచును. భీకరము, రౌద్రము, దివ్యము, మహోజ్జ్వలము అని విశేషణములు వరుస కట్టును. కాని ఆ మ్రోత డప్పుది, మాటది కాదు.

తెల్లవారిన తరువాత, ఇల్లు నిశ్శబ్దముగా నున్నప్పుడు, ఆ కాగితమును తీసి చదువుకొనినచో గుట్టు బయటపడును. విశేషణములన్నియు చప్పబడి యుండును. వాటి నడుమ ఎచ్చటనో, ప్రభ మోసిన వాని భుజముపై తువ్వాలు మడత జారి వెదురు ఒరసికొనిన చోట ఎఱ్ఱనైన చర్మము గూర్చి ఒక వాక్యము ఉన్నదనుకొందము. ఆ వాక్యము చప్పబడదు. దానిని డప్పు చెప్పలేదు. బాలుడు కన్నులతో చూచెను. డప్పు మ్రోగనిచో బహుశః ఆ గుంపులోనికి పోయి చూచియుండడు. సంగీతమునకు చెందవలసిన గౌరవము అంతమాత్రము, అది తక్కువదియు కాదు. మాటకంటె ముందు బాణీ పుట్టు సినిమాపాటలలో సైతము నిలిచినవి, నిలువనివి ఏరుటకు ఇదియే ఉపాయము. బాణీ తీసివేసి చదివి చూడవలెను. తీసివేసిన తరువాత ఏమియు మిగులని పాటలు కొల్లలుగా ఉన్నవి. వాటినే పెండ్లిండ్లలో మరింత గట్టిగా వినిపింతురు!

ఇక ఋణము మాట. సోమనాథుని పట్టికలో పాటల పేర్లు కలవు, పాడినవారి పేర్లు లేవు. గొబ్బి చుట్టు తిరిగిన ఆడుబిడ్డ ఎవరు? కొండదారిలో అలసిన ముసలివానికి పాట అందించిన జంగముడెవడు? ఆ పేర్లు ఏ తాటియాకునకు ఎక్కలేదు. ఆ కాలమున పాటకు కర్తను అడుగు ఆచారము లేదని, జనము పాట జనమందరిదేనని సమాధానము చెప్పవచ్చును. అది కొంత నిజము. అయినను కవియందలి గౌరవము చేత ఈ లోపమును లోపము కాదనుట ఉచితము కాదు. అన్నమాచార్యుని విషయమున జరిగినది దీనికి తలక్రిందు. తిరుమల రాగిరేకులపై సంకీర్తనల మాటలు నిలిచినవి, పైన రాగముల పేర్లు నిలిచినవి. ఆయన పాడిన బాణీలు నిలువలేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, బాలమురళీకృష్ణ వంటివారు మరల స్వరపరచవలసి వచ్చెను. ఒకచోట పాటల పేరు మిగిలి పాట పోయినది. ఒకచోట మాట మిగిలి బాణీ పోయినది.

సోమనాథుడు ఆ ఋణమును బొత్తిగా తీర్చలేదనుటయు న్యాయము కాదు. ఎవరి నడకను తీసికొనెనో వారికే ఆయన గ్రంథమును మరల అప్పగించెను. అక్షరము రానివాడు సైతము విని, పట్టుకొని, పాడుకొనదగిన ఛందస్సులో వ్రాసెను. వృత్తములలో వ్రాసియున్నచో ఆ పాటలు పాడినవారికి ఆ పురాణము పరాయిదై యుండెడిది. శరణులు కాయకముతో వచ్చినదానిని దాసోహముగా పంచవలెనని చెప్పిరి. పాట విని వ్రాసినవానికి ఆ పంపకము ఎచ్చట మొదలగునో ద్విపద చూపుచున్నది. అయితే పేరు లేకుండుట పేరు లేకుండుటయే. ఊడ్పుచేలో నడుము వంచి పాడిన స్త్రీ చేసినదియు కాయకమే గదా. నాటు కూలి ఆమెకు ముట్టినది, పాటకు కూలి ఎవరిచ్చిరి?

బడులలో దీనికి ఒక చిన్న ఏర్పాటు చేయవచ్చును. పిల్లలకు పాట వినిపించి వ్రాయించుట తప్పు కాదు. వ్రాసినంతసేపు పాట ఆపివేయుట మేలు. వ్రాత ముగిసిన తరువాత క్రింద ఒక పంక్తి విడిచి, ఎవరి పాట విని వ్రాసిరో ఆ పేరు వ్రాయుమని చెప్పవలెను. ఒకడు బాలమురళి అని వ్రాయును. ఒకతె మా అమ్మమ్మ అని వ్రాయును. ఊడ్పుచేను గట్టుపై నిలుచుండి విని వచ్చిన పిల్ల మాత్రము పేరు తెలియక కలము పట్టుకొని కూర్చుండును. ఆ పిల్లను ఆ సాయంకాలము మరల చేనికి పంపవలెను, అడిగి రమ్మని.