కాల్చేసిన సంతకం

తన పేరు తానే చెరిపేసుకోవడం వినయమా, అహంకారమా? హెండ్రిక్ గోల్ట్సియస్ 1594లో చేసిన 'సున్నతి' ఎన్‌గ్రేవింగ్ చూసినప్పుడల్లా నాకు ఈ ప్రశ్నే ఎదురవుతుంది.

గోల్ట్సియస్ డచ్ కళాకారుడు. చిన్నతనంలో నిప్పుల్లో పడి కాలిన కుడిచేత్తోనే రాగిరేకుల మీద అద్భుతాలు చెక్కాడు. మరియమ్మ జీవితం మీద ఆరు చిత్రాలు చేస్తూ, ఒక్కోటీ ఒక్కో పాత మహామహుడి పద్ధతిలో గీశాడు. 'సున్నతి'కి ఎంచుకున్నది డ్యూరర్ పద్ధతి.

లూకా సువార్త ప్రకారం ఎనిమిదో రోజున శిశువుకి సున్నతి చేసి, యేసు అని పేరు పెట్టారు. ఆ కత్తి కింద చిందిన తొలి రక్తంలో క్రైస్తవ సంప్రదాయం సిలువని ముందే చూసింది. అంటే ఈ ఘట్టంలో రెండే విషయాలు: రక్తం, పేరు. కానీ బొమ్మలో మూడోది కూడా ఉంది. వెనక నిలబడ్డవాళ్ళ మధ్య నుంచి గోల్ట్సియస్ మనవైపే చూస్తుంటాడు. మేనరిజం అంటేనే అంత: పనితనం తనని చూడమంటుంది.

1604లో కారెల్ వాన్ మాండర్ రాసిన కథ ఇంకా విచిత్రం. ఒక ప్రతిలో ఆ ముఖాన్నీ, సంతకాన్నీ నిప్పుతో కాల్చి, కాగితాన్ని పొగపెట్టి పాతదిలా చేసి బయటికి వదిలారట. డ్యూరర్‌దే అనుకుని జనం ఎక్కువ ధర పెట్టి కొన్నారట.

కొన్నవాడికి జరిగింది మోసమే, అందులో నాకు సందేహం లేదు. కానీ దాని ముందు మోకరిల్లినవాడికి? అతను చూస్తున్నది శిశువుని. ఎవరు గీశారన్నది అతనికి అక్కర్లేదు. పైగా ఆ ముఖం కాలిపోయాకే, బొమ్మలో మన చూపుని పక్కకి లాగేవాడు లేకుండా పోయాడు. నేను పనిచేసే ప్రపంచంలో ప్రతి లైన్ కోడ్ పక్కనా రాసినవాడి పేరు ఉంటుంది. అది నడుస్తుందా లేదా అన్నది మాత్రం పేరు మీద ఆధారపడదు.

అలాగని గోల్ట్సియస్‌ని భక్తుడిగా నిలబెట్టలేను. అతను పేరు దాచింది, తర్వాత మరింత గట్టిగా వినిపించడానికే. డ్యూరర్‌తో సమానం కాలేడన్నవాళ్ళ నోళ్ళు మూయించడానికే.

అయినా అహంకారంతో చేసిన పని ఒక్కోసారి వినయం చేయాల్సిన పని చేసేస్తుంది. మెచ్చుకోవాల్సింది అతని ఉద్దేశాన్ని కాదు. ఉద్దేశంతో సంబంధం లేకుండా, ఆ కాగితం మీద ఒక్క పేరే మిగిలింది. ఎనిమిదో రోజున శిశువుకి పెట్టిన పేరు.