ఏలీయా రెండు మారులు చెప్పిన మాట



వైరా జలాశయము క్రింది పొలములలో పగలంతయు పనిచేసిన తండ్రికి పడుకొనగానే నిద్రపట్టును. ప్రక్క మంచముమీద ఇంటరు చదువు కుమారునికి పట్టదు. “నేను తప్పుదును, నాన్న చేసిన అప్పు వృథా, నేనెందుకును పనికిరాను” అను తలంపు గానుగెద్దువలె తిరిగినచోటనే తిరుగుచుండును. గానుగలో నూనెయైనను దిగును. ఈ తిరుగుటలో అదియు లేదు.

నేడు ఇట్టివారికొరకు ఫోనులలో ధ్యానపు యాప్‌లు వచ్చియున్నవి. ఊపిరిని గమనించుము, తలంపు వచ్చినచో దానితో వాదింపకుము, అది తలంపే యని యెరిగి మరల ఊపిరికి రమ్ము అని అవి నేర్పును. అమెరికాలో లోరీ హిల్ట్ అను మనశ్శాస్త్రజ్ఞురాలు ఇట్లు బాధపడు 12 మొదలు 15 ఏండ్ల పిల్లలకు ఒక యాప్ నిచ్చి చూడగా, ఆ తలంపుల సుడి కొంత తగ్గెను. అయితే బ్రిటనులో 8 వేలకు పైగా విద్యార్థులతో జరిపి 2022లో ప్రకటించిన పరిశోధనలో, బడిలో అందరికిని ధ్యానము నేర్పుటవలన ప్రత్యేకమైన మేలు కనబడలేదు. కావున ఇది కొందరికి ఊతకర్ర. అందరికిని ఔషధము కాదు.

దీనిని వాడుట అవిశ్వాసమా అని కొందరు పెద్దలు అడుగుదురు. కాలు విరిగినవానికి కట్టు కట్టించుట అవిశ్వాసము కాదు గదా! మనము అడుగవలసిన ప్రశ్న వేరు: బిడ్డ తన బాధను మనయొద్దకు తేక ఫోనునొద్దకు ఏల తీసికొనిపోయెను?

మొదటి రాజుల గ్రంథము 19వ అధ్యాయము చూడుడి. బదరీవృక్షము క్రింద చావు కోరిన ఏలీయాకు దేవుడు ముందుగా ఉపదేశము చేయలేదు. నిద్రయు, రొట్టెయు, నీళ్లును ఇచ్చెను. హోరేబునొద్ద ఏలీయా తానొక్కడే మిగిలితినని మొరపెట్టెను. కొంతసేపటికి మరల అదే మాట చెప్పెను. దేవుడు విసుగుకొనలేదు, రెండు మారులును వినెను. పిమ్మట పని అప్పగించెను, ఇంక 7,000 మంది యున్నారని తెలిపెను, తోడుగా ఎలీషాను చూపెను.

మన బిడ్డ రెండవ మారు అదే మాట చెప్పినప్పుడు మనమేమందుము? “ఊరకే ఆలోచింపకు, ప్రార్థన చేసికో” అని నోరు మూయింతుము. యాప్ ఊపిరిని నెమ్మదిపరచవచ్చును. “ఫలితమెట్లున్నను నీవు నా బిడ్డవే, అప్పు సంగతి నేను చూచుకొందును” అని తండ్రి చెప్పవలసిన మాట అది చెప్పజాలదు.

బిడ్డ చావు మాట ఎత్తినచో ఆలస్యము చేయక వైద్యునికి చూపుడి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ 14416 నంబరుకు రేయింబగళ్లు ఉచితముగా మాటలాడవచ్చును.

ఈ రాత్రి దీపమార్పకముందు ఆ మంచము ప్రక్కను కూర్చుండుడి. చెప్పినదే మరల చెప్పినను వినుడి.