ఓర్పు ఎవరి ధర్మం?

బడిలో వేధింపుకు గురైన బిడ్డ ఇంటికి వచ్చి చెప్పుకుంటే, మన ఇళ్ళలో మొదట వినిపించే మాట "ఓర్చుకో". ఓర్పు మన పెద్దలు ఇచ్చిన ఆస్తి, కాదనము. కాని ఆ ఉపదేశం ఎవరికి, ఎప్పుడు చేయవలెనో ఆలోచించవలసి ఉన్నది.

సమానులు తగవుపడితే సర్దిచెప్పవచ్చు. వేధింపు తగవు కాదు. బలం ఒకవైపే ఉండి, బాధ పదేపదే కలిగించడం దాని లక్షణమని నార్వే మనస్తత్వవేత్త డాన్ ఓల్వేయస్ వివరించారు. అందుచేతనే వివేకం గల కౌన్సెలర్ ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి చేతులు కలపమని అడగరు. బలవంతుని ఎదుట బలహీనుడు "క్షమించాను" అంటే, ఆ మాట పలికించినది చాలావరకు భయమే. కౌన్సెలర్ ముందుగా బిడ్డ మాట ఏకాంతంలో, తొందర లేకుండా వింటారు. తప్పు నీది కాదని చెబుతారు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి ఎదుట జరిగినదో వ్రాసి ఉంచుతారు. ప్రాణానికి ముప్పు ఉన్న విషయం మాత్రం దాచలేనని ముందే తెలియజేస్తారు. విరామవేళ తోడుండే స్నేహితుని, నమ్మదగిన ఉపాధ్యాయుని చూపుతారు. వేధించిన బిడ్డతో వేరుగా మాట్లాడతారు; వాడూ మన బిడ్డే.

1860లో మద్రాసు నుండి ట్రూరో ఓడ నేటాలు చేరినది మొదలు, మన పూర్వులు ఒక్కొక్కరు ఒక్కొక్క సంఖ్యగా నమోదయ్యారు. వారి మొర వినడానికి 1872లో సంరక్షకాధికారిని నియమించారు. అయితే అనుమతి చీటీ లేకుండా తోట దాటడం నేరం. వినేవాడు ఉన్నాడు, వెళ్ళే దారి మాత్రం యజమాని చేతిలో ఉన్నది. నేడు కౌన్సెలర్ గదికి వెళ్ళే బిడ్డను తరగతి అంతా చూసి నవ్వితే, ఆ దారి కూడా మూసినట్లే. మన దేశంలో అనేక పాఠశాలలకు కౌన్సెలరే లేరు. ఆ భారం తరచుగా లైఫ్ ఓరియెంటేషన్ ఉపాధ్యాయుని మీద పడుతున్నది.

ప్రతిదానికీ ఫిర్యాదు చేస్తే పిల్లలు పిరికివారవుతారని కొందరు పెద్దలంటారు. కౌరవసభలో ద్రౌపది ప్రశ్నకు పెద్దలు సమాధానం చెప్పలేకపోయినప్పుడు, దుర్యోధనుని తమ్ములలో వికర్ణుడొక్కడే లేచి అది అధర్మమన్నాడు. అతనిని పిరికివాడని ఎవరనగలరు? చూస్తున్న తోటి పిల్లలకు మనము నేర్పవలసినది ఆ ధైర్యం.

బాధపడిన బిడ్డ ఒక్కసారిగా అంతా చెప్పదు. కడుపునొప్పి అంటుంది, బడికి పోనంటుంది, అడిగితే ఏమీ లేదంటుంది. తరగతి గదులలో సంవత్సరాలు గడిపిన మావంటి వారందరికీ ఇది తెలిసినదే. ఆ మాట బయటకు వచ్చేవరకు కోపపడక, తీర్పు చెప్పక, ప్రక్కన కూర్చొని ఉండగల ఓర్పు కావలసినది పెద్దలమైన మనకు.